టెక్నాలజీ అంటే ‘అన్వయించిన సైన్స్’ మాత్రమేనా?
(ఇది చర్చ. ఒక్కో మాట పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

పొడుపుకథ
సైన్స్ కనిపెడుతుంది, ఇంజినీరింగ్ వాడుకుంటుంది అన్న ఒక్క వాక్యంతో చాలా పుస్తకాలు సరిపెట్టేస్తాయి. ఆవిరియంత్రం ముందొచ్చింది, వేడికీ పనికీ ఉన్న సంబంధం చెప్పే థర్మోడైనమిక్స్ తర్వాతొచ్చింది, కాబట్టి అసలు సంగతి తలకిందులు అనేవాళ్లు ఇంకోవైపు. చెట్టు ముందా విత్తు ముందా అని కొట్టుకోవడం కాదు గానీ, ఫలానా యంత్రంలో ఫలానా భాగం దగ్గర సైన్స్ ఏం చెప్పగలిగింది, ఎక్కడ చేతులెత్తేసింది అన్నది తెలిసినవాళ్లు అంకెలతో సహా రాస్తే బాగుంటుంది. పేర్ల జాబితాలు వద్దండీ, అవి ఎక్కడైనా దొరుకుతాయి.

ఆవిరిపట్టు
ఆవిరియంత్రంతోనే మొదలుపెడదాం. రెండు వర్గాలూ దాన్ని తమకు కావలసినట్టు వాడుకుంటాయి.

1712 నాటి న్యూకొమెన్ యంత్రంలో సిలిండర్‌ను మామూలు వాతావరణ పీడనంలో ఉన్న ఆవిరితో నింపి, లోపలికి చన్నీళ్లు చిమ్ముతారు. ఆవిరి నీరైపోయి శూన్యం ఏర్పడుతుంది, పైనున్న గాలి పిస్టన్‌ను కిందికి నొక్కుతుంది. పని చేసేది గాలే, ఆవిరి ఆ శూన్యాన్ని పుట్టించడానికే. నష్టమంతా సిలిండర్ గోడ దగ్గర ఉంది. ప్రతి విడతకూ గోడ చల్లబడుతుంది, తర్వాత వచ్చే ఆవిరిలో ఎక్కువ భాగం దాన్ని మళ్లీ కాచడానికే ఖర్చవుతుంది. బొగ్గులో ఉన్న శక్తిలో ఒక్క శాతం కూడా పనిగా మారేది కాదు.

చిన్న నమూనాలో ఇది ఇంకా ఘోరం, ఎందుకంటే లోపలి ఘనపరిమాణంతో పోలిస్తే గోడ వైశాల్యం ఎక్కువ. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఉన్న నమూనాను బాగుచేయబోయిన జేమ్స్ వాట్‌కు దొరికింది సరిగ్గా ఈ లోపమే. ఆయన ఊహించి ఊరుకోలేదు, కొలిచాడు. ఆవిరి తన బరువుకు ఆరు రెట్ల చన్నీళ్లను మరిగే దాకా తేగలదని తేలింది. ఇప్పటి అంకెలతో మీరే సరిచూసుకోండి: కిలో ఆవిరి నీరైతే విడుదలయ్యే గుప్తోష్ణం 2257 కిలోజౌల్స్, కిలో నీటిని 10 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి కావలసింది సుమారు 377. భాగిస్తే 6 వస్తుంది. అంత వేడిని ప్రతిసారీ సిలిండర్ లోపలే చల్లార్చడం పిచ్చిపని కాబట్టి, ఆవిరిని పక్కనున్న వేరే పాత్రలోకి లాగి అక్కడ చల్లార్చాలన్న ఆలోచన 1765లో వచ్చింది, పేటెంటు 1769లో.

అంతటితో యంత్రం తయారైపోలేదు. న్యూకొమెన్ పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య సందును తోలుతో, పైన నిలబెట్టిన నీళ్లతో మూసేవాడు. వాట్ సిలిండర్ ఎప్పుడూ వేడిగా ఉండాలి, దాని మీద నీళ్లు నిలబెట్టే వీల్లేదు. కాబట్టి సందే లేకుండా గుండ్రంగా తొలవాలి. ఒక కొస మాత్రమే పట్టి ఉండే పాత తొలిచే కడ్డీ తన బరువుకే కిందికి వంగేది, రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి పోయేది. ఫిరంగులు తొలవడానికి 1774లో యంత్రం చేసిన జాన్ విల్కిన్సన్, సిలిండర్ల కోసం కడ్డీని రెండు కొసలా ఆనించి తొలిచే పద్ధతి పెట్టాక గానీ 1776లో వాట్ యంత్రం పనిలోకి దిగలేదు. ఆలోచనకూ యంత్రానికీ మధ్య పదకొండేళ్లు. డబ్బు ఇబ్బందులూ ఉన్నాయి కానీ, సాంకేతికంగా దాన్ని ఆపింది ఆ సందే.

లోలకం
బాగుంది. కానీ ‘సైన్స్ లేకుండా వచ్చిన యంత్రం’ అని న్యూకొమెన్‌ను చూపించేవాళ్లు ఒకటి మింగేస్తారు. గాలికి బరువుందని టోరిసెల్లి 1643లో పాదరసం గొట్టంతో చూపించాడు. రాగి అర్ధగోళాల్లో గాలి తీసేస్తే గుర్రాలు కట్టి లాగినా విడిపోవని గ్యూరికె చూపించాడు. 1690లో పాపాన్ సిలిండర్‌లో ఆవిరిని చల్లార్చి పిస్టన్‌ను కిందికి దించాడు. న్యూకొమెన్ యంత్రం పుట్టేనాటికి వేడి గురించిన సైన్స్ లేదు, నిజమే. శూన్యం గురించిన సైన్స్ అప్పటికే అరవై ఏళ్లు పైబడినది.

ఆవిరిపట్టు
ఒప్పుకుంటాను. అందుకే ‘ఏ సైన్స్’ అని అడగాలి. వేడి సంగతి 1824లో సాదీ కార్నో తేల్చాడు: ఎంత గొప్ప యంత్రమైనా దాని సామర్థ్యానికి పైకప్పు ఉంది, అది వేడి వైపు, చల్లని వైపు ఉష్ణోగ్రతల మీదే ఆధారపడుతుంది. చల్లని ఉష్ణోగ్రతను వేడి ఉష్ణోగ్రతతో (రెండూ కెల్విన్‌లో) భాగించి 1 లోంచి తీసేయాలి. 100 డిగ్రీల ఆవిరి, 30 డిగ్రీల కండెన్సర్ (ఆవిరిని చల్లార్చే పాత్ర) అయితే 303ను 373తో భాగించాలి, గరిష్ఠం 19 శాతం. 600 డిగ్రీల ఆవిరితో ఇదే లెక్క 65 శాతం దాకా పోతుంది. ఇప్పటి మంచి బొగ్గు విద్యుత్కేంద్రాలు 45 శాతం చుట్టూ తిరుగుతున్నాయి.

తమాషా ఏమిటంటే, వేడి అనేది ఒక ద్రవపదార్థం లాంటిదన్న తప్పు సిద్ధాంతం మీదే కార్నో ఈ నిర్ణయానికి వచ్చాడు. నిర్ణయం నిలబడింది, సిద్ధాంతం పోయింది. తర్వాతి ఇంజినీర్లకు ఉపయోగపడింది కొత్త యంత్రం బొమ్మ కాదు, ఎటు తవ్వాలో చెప్పే హద్దు. ఆవిరి వేడి పెంచండి, మిగతా తంటాలు తర్వాత అని.

ఉత్ప్రేరకం
ఇప్పుడు సైన్స్ ముందే సిద్ధంగా ఉన్న కేసు తీసుకుందాం: గాలిలోని నైట్రోజన్‌తో అమ్మోనియా తయారీ. ఫ్రిట్జ్ హేబర్ 1909లో బల్ల మీద చేసి చూపించాడు. ‘అన్వయించిన సైన్స్’ అంటే దీన్నే చూపించాలి. చూపిస్తే ఏం బయటపడుతుందో చూడండి.

ఒక వంతు నైట్రోజన్, మూడు వంతుల హైడ్రోజన్. చర్యలో వేడి విడుదలవుతుంది, వాయువు పరిమాణం సగమవుతుంది. కాబట్టి చల్లగా, ఎక్కువ ఒత్తిడిలో ఉంటే అమ్మోనియా ఎక్కువ రావాలి. సమతాస్థితిలో, అంటే చర్య ఇక ముందుకూ వెనక్కూ సమానమై నిలిచినప్పుడు, వచ్చే అమ్మోనియా వాటా ఇది: 100 అట్మాస్ఫియర్ల దగ్గర 400 డిగ్రీలైతే 25 శాతం, 450కి సుమారు 16, 500కి సుమారు 10. అదే 450 డిగ్రీలు ఉంచి ఒత్తిడి మారిస్తే 10 అట్మాస్ఫియర్లకు 2 శాతం, 300కి దాదాపు 36. ఇంతవరకూ కాగితం మీదే తేలిపోతుంది.

అలాంటప్పుడు 200 డిగ్రీల దగ్గరే చేయొచ్చుగా? చేయలేం. నైట్రోజన్ అణువులోని మూడింతల బంధం తెగాలంటే మోలుకు 945 కిలోజౌల్స్ కావాలి, చల్లగా ఉంటే చర్య కదలదు. అది కదిలే ఉష్ణోగ్రతకు ఎక్కిస్తే వాటా పడిపోతుంది. అందుకే 400 నుంచి 500 మధ్య రాజీ, 150 నుంచి 250 అట్మాస్ఫియర్లు, ఒక్కో చుట్టుకు వచ్చిన కొద్దిపాటి అమ్మోనియాను చల్లార్చి ద్రవంగా తీసేసి మిగిలిన వాయువును మళ్లీ తిప్పడం. ఈ ‘మళ్లీ తిప్పడం’ హేబర్ చూపించిన యంత్రంలోనే ఉంది.

దీన్ని కర్మాగారం చేసే పని కార్ల్ బాష్ మీద పడింది. ఉక్కు గొట్టాలు 80 గంటలకు అటూ ఇటూగా పగిలిపోయాయి. గొట్టం ఒత్తిడికి చాలలేదని ఎవరైనా మందం పెంచేస్తారు. బాష్ లోహశాస్త్రం చదివినవాడు, పగిలిన ముక్కను కోసి, పాలిష్ పట్టి, సూక్ష్మదర్శిని కింద పెట్టించాడు. గోడ లోపలి వైపు ఉక్కులో కార్బన్ మాయమైంది. వేడి మీద హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి, అక్కడి కార్బన్‌తో కలిసి మీథేన్ అవుతోంది. మీథేన్ అణువు పెద్దది, బయటికి పోలేదు, రేణువుల అంచుల్లో ఇరుక్కుని పగుళ్లు పుట్టిస్తోంది. మందం పెంచితే పగిలేది కాస్త ఆలస్యంగా పగులుతుంది, అంతే.

మందు ఏమిటంటే రెండు పనులను రెండు గోడలకు పంచడం. లోపల కార్బన్ దాదాపు లేని మెత్తటి ఇనుప తొడుగు, అది హైడ్రోజన్‌ను ఓర్చుకుంటుంది గానీ ఒత్తిడి మోయదు. బయట బలమైన ఉక్కు, అది ఒత్తిడి మోస్తుంది. తొడుగులోంచి ఎలాగూ కొంత హైడ్రోజన్ ఊరుతుంది, అది రెంటి మధ్య పోగుపడితే ఉక్కును మళ్లీ తినేస్తుంది. అందుకని బయటి గోడకు సన్నటి రంధ్రాలు వేశారు, ఊరినది ఊరినట్టు బయటికి పోతుంది. నష్టపోయే వాయువు లెక్కలోకి రానంత. 1913లో ఒప్పావు కర్మాగారం నడిచింది.

హేబర్ సమీకరణంలో ఈ రంధ్రాలకు చోటు లేదు. అలాగని అవి సైన్స్ కాకుండా పోతాయా అన్నదే నా ప్రశ్న.

పొడుపుకథ
ఆ చర్యను వేగంగా నడిపించే పదార్థం, అంటే ఉత్ప్రేరకం కోసం వేలకొద్దీ పదార్థాలు ప్రయత్నించారంటారు కదా. అది గుడ్డెద్దు చేలో పడ్డట్టు కాదా? అందులో సైన్స్ ఏముంది?

ఉత్ప్రేరకం
గుడ్డెద్దు కాదు. హేబర్ వాడిన ఆస్మియం ప్రపంచంలోనే బహు తక్కువ, యురేనియం గాలీ తేమా తగిలితే పాడైపోతుంది. వేరేది వెతకక తప్పదు. బాష్ దగ్గర ఈ వెతుకులాట నడిపిన ఆల్విన్ మిటాష్ బృందం చేసిన తెలివైన పని పరీక్ష పరికరంలో ఉంది. ఒక్కో పరీక్షకు 2 గ్రాముల ఉత్ప్రేరకం చాలు, దాన్ని చిన్న తొట్టిలో పెట్టి, యంత్రాన్ని విప్పకుండా మార్చేసేలా అమర్చుకున్నారు. అలాంటి పరికరాలు వరుసగా చాలా నడిపారు.

స్వచ్ఛమైన ఇనుము పెద్దగా పనిచేయలేదు. స్వీడన్ నుంచి వచ్చిన ఒక మాగ్నటైట్ ఖనిజం మాత్రం అదరగొట్టింది. ఇనుము అదే అయినప్పుడు తేడా మలినంలో ఉండాలి. అప్పటి నుంచి వెతుకులాట ‘ఏ లోహం’ నుంచి ‘ఏ కల్తీ’కి మారింది. అల్యూమినా, పొటాషియం, కాల్షియం ఆక్సైడ్లు కలిపిన ఇనుము దగ్గర ఆగింది. ఇప్పటికీ ప్రధానంగా అదే. ఇవే పరీక్షల్లో ఉత్ప్రేరకానికి ఏది విషమో కూడా తేలింది: నీటి ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ తాత్కాలికంగా దెబ్బతీస్తాయి, వాయువును శుభ్రం చేస్తే కోలుకుంటుంది, గంధకం తగిలితే మాత్రం శాశ్వతం.

ఎందుకు పనిచేస్తుందన్నది అప్పటికి తెలియదు. నైట్రోజన్ అణువు ఇనుము ఉపరితలం మీద రెండుగా విడిపోవడమే అన్నిటికంటే నెమ్మది అడుగు అని, పొటాషియం ఆ అడుగును తేలిక చేస్తుందని గెర్హార్డ్ ఎర్టల్ ప్రయోగాలతో స్థిరపడింది. ఒకే చర్యకు సంబంధించి హేబర్‌కు 1918 నోబెల్, బాష్‌కు 1931లో, ఎర్టల్‌కు 2007లో. మధ్యలో కర్మాగారాలు వివరణ కోసం ఆగలేదు.

శూన్యనాళిక
టెక్నాలజీ నుంచి సైన్స్‌కు వచ్చే దారి గురించి ఎవరూ రాయలేదు. గాలి తీసేసిన గొట్టంలో రుణ ధ్రువం నుంచి వెలువడే కాథోడ్ కిరణాలు విద్యుత్ క్షేత్రంలో వంగుతాయా అని హైన్రిచ్ హెర్ట్జ్ 1883లో పరీక్షించాడు. వంగలేదు. ఆవేశం ఉన్న కణాలు కావన్నమాట అనుకున్నాడు. ప్రయోగంలో తర్కం బాగానే ఉంది, పంపు బాగాలేదు. గొట్టంలో మిగిలిన వాయువును ఆ కిరణాలే అయనీకరించాయి, ఆ అయాన్లు పలకల దగ్గర చేరి క్షేత్రాన్ని కప్పేశాయి. 1897లో జె.జె. థామ్సన్ ఇంకా లోతైన శూన్యం తీసి చూస్తే కిరణం వంగింది. ఎలక్ట్రాన్ దొరికింది.

ఇక్కడ ఒక సిద్ధాంతాన్ని ఇంకో సిద్ధాంతం ఓడించలేదు, పాదరసం పంపు ఓడించింది. ప్రయోగంలో ‘ఏమీ కనిపించలేదు’ అని ఎవరైనా రాస్తే ముందు అడగవలసింది పరికరం ఎంత చిన్నదాన్ని చూడగలదని.

తూకంరాయి
దీనికి తోడు రైట్ సోదరులు. విమానం రెక్క మీద పైకెత్తే బలం లెక్కకు అప్పట్లో వాడిన గుణకం 0.005, 1759లో స్మీటన్ పేరు మీద వచ్చింది. 1901లో వాళ్ల గ్లైడర్ లెక్క చెప్పినదాంట్లో మూడో వంతే ఎత్తింది. తమ కొలతల్లోంచి చూస్తే గుణకం 0.0033 దగ్గర తేలింది. ఆ తర్వాత గాలి సొరంగం కట్టి సుమారు 200 రెక్క ఆకారాలు పరీక్షించారు. అందులోని తూనిక చూడదగ్గది: రెక్క మీది బలాన్ని, అదే గాలిలో ఉన్న చదును పలకల మీది బలంతో పోలుస్తుంది. గాలి వేగం కాస్త పెరిగినా తగ్గినా రెండింటికీ ఒకేలా మారి లెక్కలోంచి కొట్టుకుపోతుంది. సైకిల్ చువ్వలు, రంపపు బ్లేడు ముక్కలతో చేసిన తూనిక అది. రెక్క ఉపరితలం దగ్గర గాలి పొర ప్రవర్తన మీద ప్రాంట్ల్ సిద్ధాంతం 1904లో వచ్చింది, అప్పటికి విమానం ఎగిరి కొన్ని నెలలైంది.

నీలికాంతి
నీలం ఎల్‌ఈడీలో ఈ రెండు దారులూ పెనవేసుకుని ఉంటాయి. గాలియం నైట్రైడ్ నీలం కాంతి ఇవ్వగలదని అందరికీ తెలుసు. రెండు చోట్ల ఆగింది.

ఒకటి స్ఫటికం. దాన్ని పెంచాల్సిన నీలమణి పలక అణువుల ఎడం, గాలియం నైట్రైడ్ ఎడం మధ్య సుమారు 16 శాతం తేడా, నేరుగా పెంచితే గరుకుగా, పగుళ్లతో వస్తుంది. 1986లో అకసాకి, అమనో ముందు 500 డిగ్రీల ప్రాంతంలో పల్చటి అల్యూమినియం నైట్రైడ్ పొర వేసి, ఆ పైన 1000 డిగ్రీల దగ్గర అసలు పొర పెంచారు. అద్దంలా వచ్చింది.

రెండోది, ధన రకం పొర (ఎలక్ట్రాన్ల కొరత ఉండే పొర, ఎల్‌ఈడీకి ఇది తప్పనిసరి). మెగ్నీషియం ఎంత కలిపినా విద్యుత్తు పారేది కాదు. ఎలక్ట్రాన్ పుంజం పడిన చోట మాత్రం పారడం మొదలైందని 1989లో బయటపడింది. కారణం నకమురా బృందం 1992లో పట్టుకుంది. నైట్రోజన్ వాతావరణంలో 700 డిగ్రీలు దాటించి కాల్చితే నిరోధకత పది లక్షల ఓమ్-సెంటీమీటర్ల స్థాయి నుంచి 2కు పడిపోయింది. అదే పొరను అమ్మోనియాలో కాల్చితే మళ్లీ మొదటికి. అంటే దోషి అమ్మోనియాలోంచి వచ్చే హైడ్రోజన్, మెగ్నీషియానికి అతుక్కుని దాన్ని పనిచేయనివ్వడం లేదు. (బాష్ గొట్టాలను తిన్నదీ ఇదే. ఈ చర్చలో హైడ్రోజన్‌కు మంచిపేరు వచ్చేలా లేదు.)

ఇంతా చేస్తే ఆ స్ఫటికాల్లో చదరపు సెంటీమీటరుకు పది కోట్ల నుంచి వెయ్యి కోట్ల లోపరేఖలు (అణువుల వరుస తప్పిన గీతలు) ఉన్నాయి. పాత ఎరుపు రకాల్లో అందులో వెయ్యో వంతున్నా కాంతి చచ్చిపోతుంది. ఇవి మాత్రం వెలిగాయి, 1993 నుంచి అమ్ముడుపోయాయి కూడా. కాంతినిచ్చే పొరలో కలిపిన ఇండియం అన్ని చోట్లా సమానంగా పరుచుకోకపోవడం వల్ల ఎలక్ట్రాన్లు లోపరేఖల దాకా చేరకుండా మధ్యలోనే చిక్కుకుంటాయన్నది ఒక వివరణ. దాని మీద వాదన చాలా ఏళ్లు నడిచింది.

పొడుపుకథ
సరే, పూర్తిగా సిద్ధాంతం మీదే నిలబడ్డది ఏదైనా ఉందా? జీపీఎస్ చెప్పొచ్చా? సాపేక్షతా సిద్ధాంతం లేకపోతే రోజుకు 11 కిలోమీటర్లు తప్పిపోతామంటారు.

లోలకం
ఆ 11 కిలోమీటర్ల మాట ఎక్కడ చూసినా కనిపిస్తుంది, కానీ అందులో సగమే నిజం.

నిజమైన సగం: సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో గురుత్వం తక్కువ కాబట్టి ఉపగ్రహంలో గడియారం రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది, వేగం వల్ల 7 వెనక్కి. నికరం 38 ముందుకు. కాంతి వేగంతో గుణిస్తే 11.4 కిలోమీటర్లు. అందుకే గడియారం పౌనఃపున్యాన్ని 10.23 మెగాహెర్ట్జ్ బదులు 10.22999999543 దగ్గర పెట్టి పైకి పంపుతారు.

తిరకాసు ఇక్కడ. అన్ని ఉపగ్రహాల గడియారాలూ ఒకే మోతాదులో ముందుకు పోతే ఆ తప్పు అన్ని దూరాల్లోనూ సమానంగా చేరుతుంది. రిసీవర్ స్థానపు మూడు అంకెలతో పాటు తన గడియారం తప్పును ఎలాగూ నాలుగో తెలియని రాశిగా సాధిస్తుంది, కాబట్టి ఈ ఉమ్మడి తప్పు అందులో కలిసిపోతుంది. స్థానంలో మిగిలేది చాలా చిన్నది: 38 మైక్రోసెకన్లలో ఉపగ్రహం కదిలేది సెకనుకు 3.9 కిలోమీటర్ల చొప్పున 15 సెంటీమీటర్లే. పైగా భూకేంద్రాలు గడియారాలను కొలిచి సవరణలు పంపుతూనే ఉంటాయి. చెడేది ముఖ్యంగా కాలం. జీపీఎస్ నుంచి కాలం తీసుకునే టెలిఫోన్, విద్యుత్ వ్యవస్థలకు అది గొడవ.

స్థానాన్ని నిజంగా కదిలించేది ఉమ్మడిగా లేని తప్పు. కక్ష్య పూర్తి వృత్తం కాదు. దగ్గరికొచ్చినప్పుడు వేగం పెరుగుతుంది, గడియారం మందగిస్తుంది. దూరం పోయినప్పుడు తిరగబడుతుంది. కక్ష్య వికేంద్రత (వృత్తం నుంచి ఎంత సాగిందో చెప్పే అంకె) 0.01 అయితే ఈ ఊగిసలాట అటూ ఇటూ 23 నానోసెకన్లు, అంటే సుమారు 7 మీటర్లు. ఒక్కో ఉపగ్రహానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇది కొట్టుకుపోదు.

1977లో జీపీఎస్ కోసం ప్రయోగాత్మకంగా ఎన్‌టీఎస్-2 ఉపగ్రహాన్ని పంపినప్పుడు ఈ సవరణ అవసరమా అన్న సందేహం ఉండి, సవరణ మీటను ఆపి ఉంచి దాదాపు 20 రోజులు కొలిచారు. సిద్ధాంతం చెప్పినదానికీ కొలతకూ తేడా ఒక శాతం లోపే. సిద్ధాంతం 1915 నాటిది. దాన్ని అడగగలిగేంత నిలకడైన అణు గడియారం మాత్రం 1950ల దాకా లేదు.

తూకంరాయి
ఆ 23 నానోసెకన్ల సవరణ ఎవరు చేస్తారు, ఉపగ్రహమా రిసీవరా? సొంతంగా స్థానం లెక్కగట్టే ప్రోగ్రాం రాసేవాళ్లు ఎక్కడ తప్పుతారు?

లోలకం
రిసీవరే. ఉపగ్రహం పంపే కక్ష్య వివరాల్లో వికేంద్రత, కక్ష్య అర్ధ-దీర్ఘాక్షం వర్గమూలం రెండూ ఉంటాయి. వికేంద్రతను ఆ వర్గమూలంతో, తర్వాత ఉత్కేంద్ర కోణం (కక్ష్యలో ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే కోణం) సైన్‌తో గుణించి, చివర -4.442807633ను పది కోట్లతో, మళ్లీ వందతో భాగించిన స్థిరాంకంతో గుణించాలి. సెకన్లలో వస్తుంది. సరిచూసుకోవడానికి: వర్గమూలం సుమారు 5153.6, వికేంద్రత 0.01, కోణం 90 డిగ్రీలు పెడితే -22.9 నానోసెకన్లు రావాలి.

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల. ఉత్కేంద్ర కోణం బదులు మధ్యమ కోణం (కాలంతో సమానంగా పెరిగే కోణం) పెట్టేస్తారు. వికేంద్రత చిన్నదైతే తేడా సెంటీమీటర్లలోనే ఉండి కంటపడదు. సైన్‌కు రేడియన్లు ఇవ్వాల్సిన చోట డిగ్రీలు ఇస్తారు. ఇది వెంటనే దొరికిపోతుంది. మూడోది గుర్తు: ఈ సవరణను ఉపగ్రహ గడియారం సవరణకు కలపాలి, మొత్తాన్ని కాలంలోంచి తీసేయాలి. తిరగేస్తే తప్పు రెట్టింపై 14 మీటర్ల దాకా పోతుంది, అదీ ఉపగ్రహం కక్ష్యలో ఎక్కడుందో దాన్ని బట్టి దాదాపు పన్నెండు గంటల లయలో పెరుగుతూ తగ్గుతూ. మిగిలిన దోషాల్లో ఆ లయ కనిపిస్తే వాతావరణాన్ని తిట్టకుండా ముందు ఈ గుర్తు చూడండి.

కక్ష్య వివరాల బదులు, తర్వాత విడుదలయ్యే కచ్చితమైన స్థానాల ఫైళ్లు వాడితే వికేంద్రత చేతిలో ఉండదు. అప్పుడు ఉపగ్రహ స్థాన, వేగ సదిశల అదిశా లబ్ధాన్ని (డాట్ ప్రోడక్ట్) రెండుతో గుణించి, కాంతి వేగం వర్గంతో భాగించి, రుణ గుర్తు పెట్టాలి. రెండు దారులూ ఒకే జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే వేగాన్ని భూమితో పాటు తిరిగే అక్షాల్లో తీసుకున్నారేమో అని అనుమానించకండి, ఈ లబ్ధానికి ఆ తేడా పట్టదు. స్థానం కిలోమీటర్లలో ఉండిపోయిందేమో చూడండి.